లోకల్ ఛానెల్ కొనమంటారా?

ప్రశ్న: గాజువాకలో ఉంటాను. ఈమధ్యే రిటైరయ్యాను. మా బావమరిది స్నేహితుడు తన లోకల్ కేబుల్ ఛానెల్‌ని అమ్మేస్తానంటున్నాడు. స్టూడియో, కెమెరాలు, పేరు అన్నీ కలిపి 40 లక్షలు అడుగుతున్నాడు. నెలకు రెండు లక్షల యాడ్స్ వస్తాయట. లైసెన్సు కూడా నా పేరుకు మారుస్తాడట. 'గూగుల్ డేటా సెంటర్ వస్తోంది, ఊరు పెరుగుతోంది, ఇప్పుడు కొంటేనే లాభం' అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: ముందు ఆ లైసెన్సు కాగితం చూపించమనండి మాస్టారూ. నేను ఏళ్ల తరబడి ద్వారకానగర్ షాపుల మెట్లెక్కి కేబుల్ యాడ్స్ అమ్మినవాణ్ణి. ఆయన ఏం చూపిస్తాడో ఊహించగలను. ఎప్పుడో హెడ్ పోస్టాఫీసులో చేయించుకున్న కేబుల్ ఆపరేటర్ రిజిస్ట్రేషన్ తెస్తాడు. అది ఇళ్లకు వైరు లాగి కనెక్షన్లు ఇచ్చుకోవడానికి. ఛానెల్‌కి కాదు.

మన దేశంలో టవర్ పెట్టి టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే. శాటిలైట్ ఛానెల్‌కి ఢిల్లీ అనుమతి కావాలి. మీకు అమ్ముతున్నది ఈ రెండూ కాదు, ఎంఎస్‌ఓ, అంటే లోకల్ ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ ఆపరేటర్, తన సెట్‌టాప్ బాక్సుల్లో కేటాయించిన ఒక నంబరు. పాత రోజుల్లో ఏ ఆపరేటరైనా తన కంట్రోల్ రూమ్‌లో ప్లేయర్ పెట్టి సొంత ఛానెల్ నడిపేవాడు. కేబుల్‌ని డిజిటల్‌కి మార్చిన రెండో విడతలో, 2013 మార్చి 31 గడువుగా విశాఖ కూడా బాక్సులకు మారాక తాళంచెవి ఎంఎస్‌ఓ చేతికి వెళ్లింది. 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటివాటిని 'ప్లాట్‌ఫామ్ సర్వీసు' అన్నాయి. ఛానెల్‌కి వెయ్యి రూపాయల ఫీజుతో రిజిస్టర్ చేయించాల్సింది ఎంఎస్‌ఓనే. లోకల్ వార్తలు వేయాలంటే ఆ ఎంఎస్‌ఓ కంపెనీగా రిజిస్టరై ఉండాలి. అంటే అద్దె ఇంట్లో ఉన్నవాడు ఇల్లు తనదే అన్నట్టు మీకు సామాను అమ్ముతున్నాడు. ఇంటాయన రేపు ఖాళీ చేయమంటే మీ దగ్గర మిగిలేది కెమెరాలు. 'ఇంకో ఎంఎస్‌ఓలోనూ వేయిస్తా' అన్నా నమ్మకండి, ఒకరి ప్లాట్‌ఫామ్ సర్వీసును మరొకరితో పంచుకోకూడదు.

ఇక డేటా సెంటర్ మాట. డేటా సెంటర్ వాళ్లు మీ ఛానెల్లో స్క్రోలింగ్ ఇవ్వరండీ! ఇచ్చేది గాజువాక బంగారం షాపు, కోచింగ్ సెంటరు, కొత్త ఆసుపత్రి, చందనోత్సవానికి శుభాకాంక్షలు చెప్పే వార్డు నాయకుడు. మధురవాడలో అపార్టుమెంట్లు లేస్తున్న మాట నిజమే. కానీ ఆ కొత్త ఫ్లాట్లలో చాలామంది వైఫై పెట్టించుకుని ఫోన్లోనో స్మార్ట్ టీవీలోనో చూసేస్తున్నారు. ఊరు పెరిగినంత మాత్రాన కేబుల్ పెరగదు. మీ ఎంఎస్‌ఓ బాక్సులు ఇవాళ ఎన్ని నడుస్తున్నాయో, రెండేళ్ల కిందట ఎన్నో అడగండి. ఆ రెండు అంకెల్లోనే మీ జవాబు సగం ఉంటుంది.

నెలకు రెండు లక్షలంటే ఏడాదికి 24 లక్షలు. సర్వీసులకు 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు, యాడ్స్‌కి 18 శాతం. కాబట్టి రిటర్నులు ఉండాలి. లేవంటే ఆదాయమైనా అబద్ధం, లేదా పన్ను బాకీ అయినా ఉంది. రిటర్నులున్నా వసూలైనదెంతో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి. ఈ వ్యాపారంలో బిల్లు రాయడం తేలిక, డబ్బు రాబట్టడమే టెన్షన్. పండగ యాడ్ డబ్బు ఉగాదికి అడిగితే దసరాకి రమ్మంటారు. రాత్రిళ్లు వేసే సినిమాలకు హక్కుల కాగితాలున్నాయా? అది మరిచిపోతే నోటీసు మీ పేరు మీదే వస్తుంది.

నా మాట ఏమిటంటే, 40 లక్షలకు వద్దు. అంతగా మనసు లాగితే ఎంఎస్‌ఓని కూడా కూర్చోబెట్టి, మూడేళ్లు నంబరు తీయనని మీ పేరున అగ్రిమెంటు రాయించుకోండి. పేరుకు ట్రేడ్‌మార్క్ ఉంటే అదీ మార్పించుకోండి. కెమెరాలకు ఇవాళ్టి సెకండ్‌హ్యాండ్ ధర కట్టి, మిగతా సొమ్ము వసూళ్లు చూశాక విడతలుగా ఇస్తాననండి. ఎంఎస్‌ఓ సంతకం పడేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి, బావమరిది ఎంత మొహమాటపెట్టినా సరే.