మీటర్ చెప్పేది, పుస్తకం దాచేది

ప్రశ్న: డాక్టరమ్మా, మా వాడికి పదిహేడేళ్లు. టైప్ 1 షుగర్. ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేనే దగ్గరుండి ఇన్సులిన్ వేసేదాన్ని. ఇప్పుడు కర్నూలు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. పుస్తకంలో రాసుకొచ్చే రీడింగులన్నీ బాగుంటాయి, హెచ్‌బీఏ1సీ మాత్రం 11 వచ్చింది. అడిగితే ‘వేసుకుంటున్నానమ్మా’ అని విసుక్కుంటాడు. చదువు మాన్పించి ఇంటికి తెచ్చేద్దామా?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: మాన్పించొద్దమ్మా. ఆ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది. 7 దగ్గర ఉండాల్సింది 11 ఉందంటే డోసులు తప్పుతున్నాయేమో అని ముందు అనుమానించాలి. ఈ వయసులో హార్మోన్ల వల్ల ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది కూడా, తప్పంతా వాడిదే అనుకోకండి.

ఆ పుస్తకం ఒకసారి తిరగేయండి. నెల రీడింగులూ ఒకే పెన్నుతో, కొట్టివేత లేకుండా ఉన్నాయా? నిజంగా వేలు పొడుచుకుని రాసే పిల్లల పుస్తకంలో ఎక్కడో ఓ రక్తపు మరక ఉంటుంది. అలాగని నిలదీయొద్దు. 280 చూపించినప్పుడల్లా పెద్దవాళ్లం మొహం మాడ్చుకుంటే పిల్లలు 140 రాయడం నేర్చుకుంటారు. పుస్తకం పక్కనపెట్టి, ఆదివారం వచ్చినప్పుడు షుగర్ మీటర్ మెమొరీ ఇద్దరూ కలిసి చూడండి. ఎంత ఉన్నా ‘చూసుకున్నావు, మంచి పని’ అనండి.

తర్వాత ఏ పూట కష్టమవుతోందో అడగండి. నా దగ్గరికొచ్చే హాస్టల్ పిల్లలకు ఎక్కువగా తప్పేది మధ్యాహ్నం డోసు. మెస్సులో అందరి ముందూ చొక్కా ఎత్తాలంటే సిగ్గు. కొన్నాళ్లు బాత్రూమ్‌లో వేసుకుంటారు, ఆ తర్వాత మానేస్తారు. కాలేజీ అంతా చాటాల్సిన పన్లేదు, ఒక్క రూమ్మేట్‌కి తెలిస్తే చాలు. చెమటలు పట్టి, వణికి, షుగర్ 70 కంటే కిందికి పడిపోతే మూడు చెంచాల గ్లూకోజ్ ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడమనడానికైనా ఆ ఒక్కరు ఉండాలి. రాత్రి నిద్రలో షుగర్ పడిపోతుందన్న టెన్షన్‌తో డోసు తానే తగ్గించుకునే పిల్లలూ ఉన్నారు. అలాగైతే తిట్టినా లాభం లేదు, డాక్టర్‌తో మాట్లాడి డోసు సర్దించాలి.

ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నాడు? మన ఎండలకు ట్రంకు పెట్టెలో పడేస్తే పాడైపోతుంది, అప్పుడు వేసుకున్నా వేసుకోనట్టే. వార్డెన్‌ని అడిగి ఫ్రిజ్‌లో పెట్టించండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకడితే పనికిరాదు. ఫ్రిజ్ లేకపోతే మూతున్న డబ్బాలో ఉంచి, ఆ డబ్బాను నీళ్లు పోసిన మట్టికుండలో పెట్టుకోవచ్చు. పొట్ట, తొడలు తడిమి చూడండి. ఒకేచోట పొడిస్తే గడ్డలు కడతాయి, అక్కడ మందు సరిగా ఎక్కదు.

ఇంకొకటి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చి షుగర్ బాగా ఎక్కువుంటే ‘ఏమీ తినలేదు కదా’ అని ఇన్సులిన్ ఆపేస్తారు. ఆపకూడదు. అది కీటోయాసిడోసిస్ కావచ్చు, అంటే ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పెరిగిపోవడం. ప్రాణం మీదికొస్తుంది. తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలని వాడికీ, వార్డెన్‌కీ చెప్పి ఉంచండి. ఈ ఒక్క విషయంలో మీరు కేకలేసినా నేనేమీ అనను.