నేల బాగుకి గ్రాంటు: సంతకం అయ్యేదాకా విత్తనం చల్లకండి

టెక్సాస్‌లో 20 ఎకరాలు కొన్నాం, నేల గట్టిపడిపోయింది, బాగుచేసుకోడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందట, ఎలా అప్లై చెయ్యాలి అని అడిగారు. మేము అప్లై చేసి తీసుకున్నాం కాబట్టి చెబుతున్నానండి.

మాది డాలస్‌కి దక్షిణాన నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వాన పడితే చెప్పులు ఊడొచ్చే జిగురు, అచ్చం మన గుంటూరు వైపు చేలే. ఏళ్ల తరబడి దున్నీ దున్నీ, నీళ్లు ఇంకకుండా పైపైనే పారిపోయేవి.

మీరు వెళ్లాల్సింది అమెరికా వ్యవసాయ శాఖ కింద నేల, నీటి సంరక్షణ చూసే ఎన్‌ఆర్‌సీఎస్ ఆఫీసుకి, అడగాల్సింది అలాంటి పనుల ఖర్చులో కొంత రైతుకిచ్చే ఈక్విప్ (EQIP) పథకం గురించి. ముందు అదే శాఖలో రైతుల రికార్డులు చూసే ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసు దగ్గర ఫార్మ్ నంబరు తీసుకోండి, ఏడీ-1026 (నేల కోత, చిత్తడి నేలల నిబంధనలు పాటిస్తామనే ఫారం), సీసీసీ-941 (ఆదాయ పరిమితి ఫారం) నింపండి. అప్లికేషన్లు ఏడాది పొడవునా తీసుకుంటారు గానీ, రాష్ట్రం పెట్టిన గడువులోపు వచ్చినవాటినే ఆ విడతలో ర్యాంకు చేస్తారు.

నేను చేలో ఏమేం చెయ్యాలనుకుంటున్నానో ఐదు పేజీలు రాసుకెళ్లాను. ఎన్‌ఆర్‌సీఎస్ నుంచి ప్లాను వేసే ఆవిడ (ప్లానర్) అవి పక్కన పెట్టి, "మీ నేలకొచ్చిన కష్టమేంటి?" అంది. తర్వాత చేనుకొచ్చి పారతో తవ్వింది. ఆరంగుళాల లోతున పలకలా గట్టి పొర, వేళ్లు అక్కడే అడ్డంగా తిరిగి ఉన్నాయి. ర్యాంకు వచ్చేది ఇలాంటి సమస్యని బట్టే. అందుకే ఈసారి గట్టి వాన పడగానే నీళ్లు ఎటు పారుతున్నాయో ఫోటోలు తీసిపెట్టుకోండి.

డబ్బు పని అయ్యాకే వస్తుంది, ఎకరానికి ఇంతని వాళ్లు ముందే వేసిన రేటు ప్రకారం. మామూలుగా ఖర్చులో 75 శాతం దాకా, సేద్యంలోకొచ్చి పదేళ్లు దాటని కొత్త రైతుకి 90 శాతం దాకా. కొత్త రైతు కోరుకుంటే సగం ముందే ఇస్తారు, 90 రోజుల్లో ఖర్చుపెట్టాలి. ముందే కావాలనే గడిలో టిక్కు పెట్టడం మాత్రం మరవకండి.

నేను నష్టపోయింది ఒక్కచోట. అక్టోబరులో మంచి పదును దొరికిందని, కాంట్రాక్టు మీద సంతకాలు కాకముందే ఆరెకరాల్లో నేలని కప్పి ఉంచే పంటలు (కవర్ క్రాప్స్) రై, వెచ్ చల్లేశాను. ఆ ఆరెకరాలకి ఒక్క డాలరూ రాలేదు. పదును పోతుందని మీకూ మనసు పీకుతుంది, అయినా ఆగండి. ఆగలేకపోతే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. విత్తనాల సంచికి ఉండే చీటీలు, బిల్లులు దాచండి, చెల్లింపు అప్పుడు అడుగుతారు. వచ్చిన డబ్బు మీద పన్ను కూడా ఉంటుంది.

వేసవికి ఏం వేస్తారని అడిగితే సన్ హెంప్ అనండి. అది మన జనుమే. మా నాన్న వరికి ముందు చల్లి కలియదున్నేవారు. మేమిక్కడ దున్నం, రోలరుతో పడగొట్టి ఆ పడిన మొక్కల మీదే తర్వాతి పంట విత్తుతున్నాం. రెండో ఏడు అదే చోట పార వేస్తే పలక మొత్తం దిగింది.