అవతలాయన పాడుతుంటే మధ్యలో ఈయన గోలేమిటి?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి పాత రికార్డుల పిచ్చిలో పడ్డాడు. యూ-రాయ్ అనే జమైకా ఆయన మొదటి ఆల్బమ్ ‘వెర్షన్ గలోర్’ తెచ్చి రోజూ వేస్తున్నాడు. ఎవరో చక్కగా పాడుతుంటే మధ్యలో ఈయన దూరి కేకలు పెడతాడు. పైగా అవన్నీ అంతకుముందే వచ్చిన పాటలట. ఇది దొంగతనం కాదూ?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివితే నేను తిన్న చీవాట్లు గుర్తొచ్చాయి. ఎనభైల్లో ఇక్కడే, మద్రాసు వడపళనిలో ఒక రికార్డింగ్ థియేటర్లో అసిస్టెంటుగా ఉండేవాణ్ని. ముందు ట్రాక్ పాడే కుర్రాడు పాడి వెళ్తాడు, తర్వాత పెద్దాయన వచ్చి అదే పాట పాడతాడు. మిక్సింగులో కుర్రాడి గొంతు మూసెయ్యాలి. ఓ రోజు మర్చిపోయాను. రెండో చరణంలో ఇద్దరూ కలిసి వినిపించారు. ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయలేను.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఒక ఇంజినీరు దీనికి తలకిందుల పొరపాటు చేశాడంటారు. 1960ల చివర్లో రడ్డీ రెడ్‌వుడ్ అనే ఆయన మైకుసెట్టు నడిపేవాడు. డ్యూక్ రీడ్ అనే రికార్డుల నిర్మాత స్టూడియోలో రెడ్‌వుడ్ కోసం పారగాన్స్ బృందం పాటను నమూనా రికార్డు మీదికి ఎక్కిస్తూ గొంతులు కలపడం మరిచారట. ఆయన దాన్నే డాన్సులో వేశాడు. జనానికి పాట నోటికొచ్చు కదా, వాళ్లే పాడేశారు! అలా గొంతు తీసేసిన పాటకి ‘వెర్షన్’ అనే పేరు స్థిరపడింది. మీ ఆల్బమ్ పేరులో ఉన్నది అదే.

మనకి డీజే అంటే పెళ్లి ఊరేగింపులో పాటలు వేసేవాడు. జమైకాలో రికార్డు వేసేవాణ్ని సెలెక్టర్ అంటారు. మైకు పట్టుకుని దాని మీద మాట్లాడేవాడే డీజే, ఆ మాట్లాడటం టోస్టింగ్. కింగ్ టబ్బీ అనే ఆయన మైకుసెట్టులో యూ-రాయ్ డీజే. టబ్బీ అసలు వృత్తి ఎలక్ట్రికల్ రిపేర్లు. పాటలో గొంతును కాస్త వినిపించి, టక్కున తీసేసేవాడు. ఆ ఖాళీలోకి యూ-రాయ్ దూకేవాడు.

ఇక దొంగతనం సంగతి. పారగాన్స్ ముఖ్య గాయకుడు జాన్ హోల్ట్ ఒక డాన్సులో తమ పాట మీదే యూ-రాయ్ మాట్లాడుతుంటే విని, వెళ్లి డ్యూక్ రీడ్‌కి చెప్పాడు. రీడ్ యూ-రాయ్ చేత రికార్డులు చేయించాడు. సొమ్ముగలాయనే దారి చూపించాడు మరి! 1970లో యూ-రాయ్ రికార్డులు మూడు అక్కడి చార్టులో మొదటి మూడు స్థానాల్లో ఒకేసారి కూర్చున్నాయి. మూడూ పాత పాటల మీద మాట్లాడినవే.

మీరు హరికథ విన్నారా? దాసుగారు కీర్తన ఎత్తుకుంటారు, సగంలో ఆపి ‘ఏం నాయనా, నిద్రొస్తోందా’ అంటారు, మళ్లీ పల్లవి దగ్గర దిగుతారు. యూ-రాయ్‌ని అలా వినండి. గాయకుడు ఒక మాటంటే ఈయన దానికి బదులు చెబుతున్నాడు. కాకపోతే అసలు పాట తెలియకపోతే ఆ బదులు అర్థం కాదు, మీకు గోలలా వినిపించింది అందుకే. ముందు పారగాన్స్ 1967లో పాడిన ‘ద టైడ్ ఈజ్ హై’ నాలుగుసార్లు వినండి (1980లో అమెరికన్ బృందం బ్లాండీ పాడింది కాదు), తర్వాత ఈ ఆల్బమ్‌లోది. మొత్తం ఆల్బమ్ ఒకే విడతలో మాత్రం వద్దు. ఆ కేకలు నాకే ఆరో పాటకి విసుగనిపిస్తాయి.

ప్రశ్న: ర్యాప్ పుట్టింది ఈ జమైకా టోస్టింగ్ నుంచేనా?
– ఒక విద్యార్థి, పెరంబూరు, చెన్నై

జవాబు: పూర్తిగా కాదు, చుట్టరికం ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో పార్టీ పెట్టి, ర్యాప్ పుట్టిన హిప్‌హాప్‌కి నాంది పలికాడని చెప్పే కూల్ హెర్క్ పుట్టింది కింగ్‌స్టన్‌లోనే. మైకుసెట్ల మధ్య పెరిగిన పిల్లాడు.