మీ నాన్నగారు చెల్లెలిని అడిగిన ప్రశ్న

విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న మీరు, పలాస దగ్గర ఉద్దానం పల్లెలో డయాలసిస్ మీద రోజులు గడుపుతున్న మీ నాన్నగారిని గురించి రాసిన ఉత్తరం చదివాను. ఊళ్లో విశ్వాసి ఎవరు పోయినా సమాధి దగ్గర నిలబడి పునరుత్థాన నిరీక్షణను, అంటే చనిపోయినవారు తిరిగి లేస్తారన్న ఆశను గురించి ధైర్యంగా చెప్పిన ఆ సంఘపెద్ద, ఇప్పుడు పాస్టరుగారు ప్రార్థనకు వస్తే గోడవైపు తిరిగి పడుకుంటున్నారనీ, తనకు రక్షణ నిశ్చయత (దేవుడు తనను రక్షించాడన్న గట్టి నమ్మకం) లేదని మీ అమ్మగారితో అన్నారనీ రాసి, ఆయనకు ఏయే వాక్యాలు పంపమంటారని అడిగారు.

ఏ వాక్యాలూ పంపకండి. అవన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

క్రైస్తవ నిరీక్షణ నిశ్చయమైనదంటే, ఆ నిశ్చయం విశ్వాసి గుండెధైర్యాన్ని బట్టి వచ్చేది కాదు. హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం దానిని దేవుని వాగ్దానం మీద, ఆయన చేసిన ప్రమాణం మీద నిలిపి, ఆత్మకు లంగరు అంటుంది. పడవ ఊగినంత మాత్రాన లంగరు ఊడిందని మీ తీరంలో ఎవరూ అనుకోరు. నిజమైన విశ్వాసి కూడా ఈ నిశ్చయత కోసం చాలాకాలం ఎదురుచూడవలసి రావచ్చునని 1689 నాటి లండన్ బాప్టిస్టు విశ్వాస ప్రమాణమే ఒప్పుకుంది. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను "రాబోవువాడవు నీవేనా" అని సందేహపడి కబురు పంపితే యేసు అతన్ని గద్దించలేదు సరికదా, జనసమూహం ఎదుట మెచ్చుకున్నాడు. కనుక నాన్నగారి విశ్వాసాన్ని గురించి నాకు బెంగ లేదు. (మూత్రపిండాల జబ్బు ముదిరినవారిలో దిగులు కలగడం మామూలే, ఆ సంగతి డాక్టరుగారి చెవిన కూడా వేయండి.)

నా బెంగంతా మీ గురించి. "నేను పోయాక మీ అమ్మను ఎవరు చూస్తారని చెల్లెలిని అడుగుతున్నారట" అని ఒక్క ముక్క రాసి, వెంటనే కీర్తనల గ్రంథంలోకి వెళ్లిపోయారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటనూ కొబ్బరిచెట్లనూ నేలకూల్చిన తరువాత, మిగిలిన భూమిని మీకు చెప్పకుండా అమ్మి చెల్లెలి పెళ్లి చేశారన్న కోపంతో మీరు ఆయనతో మాట మానేశారు. పెద్దకొడుకును ఒక మాట అడగవలసిందే, కాదనను. అయితే నెలనెలా చెల్లెలి ఖాతాకు డబ్బు పంపి కొడుకు ధర్మం తీరిందనుకోవడం నాకు నచ్చలేదు. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు తిమోతికి రాసిన మాటను సంఘాల్లో డబ్బు పంపని కొడుకులకు చదివి వినిపిస్తారు. డబ్బు మాత్రమే పంపేవారికీ అది చెందుతుందని నా అభిప్రాయం. యేసు సిలువ మీద ఉండి కూడా తల్లిని ఎదుట నిలిచిన శిష్యునికి అప్పగించాడు. మీ నాన్నగారికి అలా అప్పగించడానికి కొడుకు ఎదుట లేడు. ఆ భయాన్నే ఆయన తనకు అలవాటైన సంఘం మాటల్లో చెప్పుకుంటున్నారు.

ఈసారి డయాలసిస్‌కు చెల్లెలిని పంపకుండా మీరే తీసుకువెళ్లి, యంత్రం నడిచే ఆ నాలుగు గంటలూ మంచం పక్కనే కూర్చోండి. అమ్మ మీ దగ్గర ఉంటుందా, ఊళ్లోనే ఉంటే ఎవరు చూసుకుంటారు అన్నది ముందే మీ భార్యతో మాట్లాడి తేల్చుకుని, ఆయనకు స్పష్టంగా చెప్పండి. భూమి ప్రస్తావన మీరు తేవద్దు. ఆయనే తెస్తే, కోపం పోయి ఉంటే పోయిందనండి. పోకపోతే అబద్ధమాడకుండా, ఆ సంగతి తరువాత మాట్లాడుకుందాం నాన్నా అని, మళ్లీ అమ్మ విషయానికి రండి.