ఊరూ పేరూ తెలియనివారి సందేహాలు తీర్చే అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి కడపలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. రోజూ రాత్రి, ఉత్తరాలు, లెక్కల పట్టికలు తయారుచేసుకునే లిబ్రెఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల సందేహాలకు ఆన్‌లైన్‌లో జవాబులు రాస్తూ కూర్చుంటోంది. పైసా రాదు. తోటి పిల్లలు కోడింగ్ పరీక్షలకు సిద్ధమవుతుంటే, ఈమె ఎవరికో ఊడిగం చేస్తోందేమోనని భయంగా ఉంది. మానిపించమంటారా?

జవాబు: మానిపించకండి. వేళకు ఒక హద్దు మాత్రం పెట్టుకోమనండి.

లిబ్రెఆఫీస్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, దాని కోడ్‌ను చదివి మార్చుకోవచ్చు. ఉచితంగా దొరికేదానిలో బతుకుతెరువు ఎక్కడిదన్న మీ అనుమానం సహజమే. కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నా, దానిని వాడే సంస్థలకు చిక్కు వచ్చినప్పుడు అండగా నిలిచే సేవకు ఏటా చందా తీసుకుంటూ ఎదిగిన రెడ్ హ్యాట్ సంస్థను ఐబీఎం 2019లో దాదాపు 34 బిలియన్ డాలర్లకు కొన్నది. వాడుకరి చిక్కును విని, అర్థం చేసుకుని, విప్పగలగడానికి అంత విలువ ఉంది.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. ఏళ్ల క్రితం అను ఫాంట్లలో టైపు చేయించిన దస్తావేజును ఒకాయన తన కంప్యూటర్‌లో తెరిస్తే, తెలుగుకు బదులు పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపించాయనుకుందాం. ఫైలు పాడైపోయిందని ఆయన కంగారుగా అడుగుతారు. ‘మాన్యువల్ చదివి రండి’ అని విసుక్కుంటే ఆయన మళ్లీ ఆ గడప తొక్కరు. ఓర్పు ఉన్నవారు ముందుగా ఫైలుకు ఏమీ కాలేదని ధైర్యం చెప్పి, ఏ ఫాంట్‌లో టైపు చేశారో, ఏ వెర్షన్ వాడుతున్నారో అడుగుతారు. ఆ పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాషలోని అక్షరాలకూ వేర్వేరు సంఖ్యలు కేటాయించే ప్రమాణం) పద్ధతిలో కాక, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను అమర్చుకున్నవని, అందువల్ల ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అలా కనబడుతుందని వివరించి, ఒక నకలు తీసి పెట్టుకున్నాకే యూనికోడ్‌లోకి మార్చుకోమంటారు. ఇలా ఆదరణ దొరికినవారిలో కొందరు తర్వాత తామే మరొకరికి జవాబు చెప్పడానికి వస్తారు. ఓపెన్ సోర్స్ సమూహాలు నిలబడేది వారి వల్లనే.

మాటతీరును పెద్ద ప్రాజెక్టులు కూడా తేలికగా తీసుకోవడం లేదు. లినక్స్ ఆధారంగా ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే డెబియన్ ప్రాజెక్టు 2014లో ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2018 సెప్టెంబరులో తన కటువైన మాటలకు బహిరంగంగా క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నారు. లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌ను తయారుచేసే ప్రాజెక్టు కూడా ఆ నెలలోనే కొత్త నియమావళిని చేపట్టింది.

ఇక ఉద్యోగం సంగతి. క్యాంపస్ ఎంపికల్లో మొదటి వడపోత సాధారణంగా ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలతోనే జరుగుతుంది కనుక ఆ సాధనను ఆమె వదలకూడదు. జవాబులు రాసిన అనుభవం ఆ తర్వాత ఇంటర్వ్యూలో అక్కరకు వస్తుంది. టెక్నికల్ సపోర్ట్ ఇంజనీర్, టెక్నికల్ రైటర్ కొలువులకు కొత్తవారూ ప్రయత్నించవచ్చు. వాడుకరుల సమూహాన్ని చూసుకునే కమ్యూనిటీ మేనేజర్, సాఫ్ట్‌వేర్ రాసేవారితో సంస్థ తరఫున సంబంధాలు నెరపే డెవలపర్ రిలేషన్స్ వంటివి కొంత అనుభవం గడించాక అందుతాయి. అయితే జవాబుల దగ్గరే ఆగిపోతే ఎదుగుదల ఉండదని నా అభిప్రాయం. పదేపదే వచ్చే ప్రశ్నకు ఒక సహాయ పుట రాయాలి. సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంటే, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టులో అది బయటపడుతోందో వివరంగా నమోదు చేయాలి. ఆపైన ఒక చిన్న లోపాన్ని స్వయంగా సరిదిద్దాలి. ఈ పని అంతా ఆమె పేరుతో బహిరంగంగా నిలిచి ఉంటుంది, రెజ్యూమెలో ఆ లంకెలు ఇవ్వవచ్చు. ఏడాదికి రెండు విడతలుగా భృతితో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఇంటర్న్‌షిప్ ఇచ్చే అవుట్‌రీచీ అనే కార్యక్రమానికి దరఖాస్తు చేసేవారు ముందుగా ఒక ప్రాజెక్టుకు కొంత పని చేసి చూపాలి. ఆ అలవాటు మీ అమ్మాయికి ఇప్పటికే ఉంది.

మరొక మాట ప్రత్యేకంగా చెప్పాలనుంది. మన సీమ కళాశాలల్లో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో తప్పు పోతుందేమోనన్న బెరుకుతో సందేహాన్ని గొంతులోనే దాచుకుంటారు. అధ్యాపకుల అనుమతితో వారానికొక గంట ల్యాబ్‌లో కూర్చుని, వారి ప్రశ్నను తెలుగులో విని, దానిని ఇంగ్లీషులో ఎలా అడగాలో పక్కనుండి రాయించమనండి. ఆ పిల్లలకు అంతకంటే పెద్ద మేలు మరొకటి ఉండదు, మీ అమ్మాయికి ఒక సమూహాన్ని నడిపిన అనుభవమూ వస్తుంది.

హద్దుల విషయానికి వస్తే, రాత్రి ఒక గంట చాలు; సెమిస్టర్ పరీక్షల ముందు పూర్తిగా విరామం తీసుకోవాలి. సందేహాలకు వ్యక్తిగత సందేశాల్లో కాక అందరికీ కనిపించే చోటే బదులివ్వాలి. దానివల్ల అదే చిక్కులో ఉన్న మరికొందరికీ ఉపయోగపడుతుంది, ఆమెకూ రక్షణ. ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకూడదు. ఎవరైనా అనుచితంగా మాట్లాడితే వాదనకు దిగకుండా, ప్రాజెక్టులో ఫిర్యాదులు చూసేవారికి తెలియజేసి, ఆ సంగతి మీకూ చెప్పమనండి.