డిగ్రీలో మాథ్స్ తీసుకోవాలా అని అడిగిన మా పాపకు

అనంతపురం

పాపా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "మాథ్స్ అంటే ఇష్టమే పెద్దమ్మా, కానీ డిగ్రీలో, పీజీలో చదివేంత బ్రెయిన్ నాకు లేదేమో" అన్నావు. ఈఏపీసెట్ ర్యాంకు చూసుకున్నప్పటి నుంచి ఇదే మాట పట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. నా ఉద్యోగమంతా డిగ్రీ అమ్మాయిలకు మాథ్స్ చెప్పడంలోనే గడిచింది కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు. క్లాసులో అందరికంటే శ్రద్ధగా వినే పిల్లల నోటే ఎక్కువగా విన్నాను. ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి సరిపెడితే నీకు న్యాయం జరగదు, అందుకే ఇంత రాస్తున్నాను.

ముందు ఆ ర్యాంకు సంగతి. ఆ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మాథ్స్. ఒక్కో ప్రశ్నకు నిమిషానికి కాస్త పైన దొరుకుతుంది, అంతే. రెండేళ్లు నీకు నేర్పింది ఆ నిమిషంలో జవాబు పట్టుకోవడం: షార్ట్‌కట్లు, ఆప్షన్లు పెట్టి చూడడం, చూడగానే ఏ మోడలో గుర్తుపట్టడం. అదీ ఒక విద్యే, నేను తక్కువ చేయను. అయితే యూనివర్సిటీ మాథ్స్‌లో దానితో పెద్దగా పని పడదు. అక్కడ ఒక వాక్యం ఇచ్చి, ఇది నిజమా, నిజమైతే ఎందుకు నిజం అని అడుగుతారు. దాని మీద సాయంత్రమంతా కూర్చోవచ్చు, వారమంతా కూర్చోవచ్చు. టెన్త్‌లో జామెట్రీ రైడర్ ఒకటి తేలేదాకా అన్నానికి కూడా లేవని పిల్లవి నువ్వు. ఆ గుణం ఉంటే చాలు, మొదలుపెట్టడానికి.

మరియం మీర్జాఖానీ పేరు వినే ఉంటావు. ఇరాన్‌లో పుట్టింది, 2014లో గణితంలో అతి పెద్ద గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ తీసుకుంది. ఆ మెడల్ పుట్టింది 1936లో. అప్పటినుంచి అది అందుకున్న మొదటి మహిళ ఆమే. తాను నెమ్మదిగా ఆలోచించే మనిషినని ఆమే చెప్పుకుంది. చిన్న క్లాసుల్లో ఒక ఏడాది మాథ్స్ సరిగ్గా రాలేదు. టీచరుకు ఆ పిల్లలో ప్రతిభ కనిపించలేదు, పిల్లకూ సబ్జెక్టు మీద నమ్మకం పోయింది. మరుసటి ఏడాది ప్రోత్సహించే టీచరు దొరికింది, మళ్లీ పట్టు చిక్కింది. పెద్దయ్యాక నేల మీద పెద్ద పెద్ద కాగితాలు పరుచుకుని బొమ్మలు గీసుకుంటూ ఆలోచించేదట. ఒక్క ఏడాది మార్కులు చూసి "నాది మాథ్స్ బుర్ర కాదు" అని ఆ అమ్మాయి తీర్మానించుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. మొదటి ఇంటర్నల్‌లో మార్కులు తగ్గితే మగపిల్లలు "పేపర్ టఫ్‌గా ఇచ్చారు" అని బయటికి వెళ్తారు. అవే మార్కులు వచ్చిన అమ్మాయిలు "నాకు రాదు మేడమ్" అని నా దగ్గరికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. తేడా తెలివిలో లేదు. చిన్నప్పటి నుంచి ఎవరికి ఏం చెప్పి పెంచామో అందులో ఉంది. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నువ్వు ఆ మాట అనుకున్నప్పుడల్లా, నేను ఏది అర్థం చేసుకోలేకపోయానో ఆ పేజీ చూపించు అని నిన్ను నువ్వే అడుగు. పేజీ చూపించగలిగితే దాన్ని బాగుచేసుకోవచ్చు.

ఫస్టియర్‌లో నీకు తప్పకుండా ఒక దెబ్బ తగులుతుంది. అందరికీ తగులుతుంది, ముందే చెప్పి పెడుతున్నాను. ఇంటర్‌లో లిమిట్ అంటే విలువ ప్రతిక్షేపించి, సున్నా బై సున్నా వస్తే కారణాంకాలు కొట్టేసి జవాబు రాసేదానివి. రియల్ అనాలిసిస్‌లో అదే లిమిట్‌ను ఎప్సిలాన్, డెల్టా అనే రెండు చిన్న సంఖ్యలు పెట్టి నిర్వచిస్తారు. జవాబుకు ఎంత దగ్గరగా కావాలో ఎదుటివాడు ఎంత చిన్న సంఖ్య చెప్పినా సరే, దానికి తగ్గట్టు ఇటువైపు ఎంత దగ్గరికి రావాలో నువ్వు చెప్పగలగాలి. ఇది ఒక్కరోజులో ఎక్కదు. మనుషులకే ఎక్కడానికి చాలాకాలం పట్టింది. న్యూటన్, లైబ్నిట్జ్ కాలిక్యులస్ మొదలుపెట్టింది పదిహేడో శతాబ్దంలో, ఈ నిర్వచనం గట్టిపడింది పంతొమ్మిదో శతాబ్దంలో. మహామహులకు అన్నేళ్లు పట్టినది నీకు మూడు వారాలు పడితే దిగులెందుకు?

రుచి చూడాలంటే ఇది తీసుకో. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ నిరూపించాడు. నీకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నీ గుణించి ఒకటి కలుపు. వచ్చిన సంఖ్యను వాటిలో దేనితో భాగించినా శేషం ఒకటి వస్తుంది. కాబట్టి దాన్ని భాగించే ప్రధాన సంఖ్య నీ జాబితాలో లేనిది ఎక్కడో ఉండి తీరాలి. ఇది చెప్పగానే "అయితే ఒకటి కలిపితే వచ్చేది ఎప్పుడూ ప్రధాన సంఖ్యేనా మేడమ్?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. చేసి చూడండి అనేదాన్ని. 2, 3, 5, 7, 11, 13 గుణిస్తే 30030. ఒకటి కలిపితే 30031. అది 59, 509ల లబ్ధం. ప్రధాన సంఖ్య కాదు, అయినా నిరూపణకు ఏ లోటూ రాలేదు, ఎందుకంటే 59 గానీ 509 గానీ మన జాబితాలో లేవు. ఎందుకు లోటు రాలేదో నీ మాటల్లో ఒక పేజీ రాసి నాకు పంపు. అది రాస్తున్నంతసేపూ నీకు సంతోషంగా అనిపిస్తే, ఈ చదువు నీదే.

చదివే పద్ధతి గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. మన డిగ్రీ పరీక్షలకు బజారులో గైడ్లు దొరుకుతాయి, పది ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీపడితే పాసవుతావు, ఫస్ట్ క్లాసు కూడా రావచ్చు. నిరూపణలు బట్టీపట్టి డిస్టింక్షన్ తెచ్చుకుని, ఎంఎస్సీ ఎంట్రన్స్‌లో చిన్న ప్రశ్నకు తడబడిన పిల్లలను చాలామందిని చూశాను. తప్పు వాళ్లది కాదు, వేరే దారి ఉందని ఎవరూ చూపలేదు. నువ్వు ప్రతి సిద్ధాంతం దగ్గరా రెండు పనులు చెయ్. అందులోని ఒక షరతు తీసేస్తే ఏమవుతుందో చూడు, సిద్ధాంతం చెడిపోయే ఉదాహరణ ఒకటి నువ్వే కట్టు. తర్వాత పుస్తకం మూసేసి నిరూపణను మొదటి నుంచి రాయి. ఎక్కడ ఆగిపోతావో అక్కడే నీకు అర్థం కానిది ఉంటుంది. ఈత లాంటిదే ఇది, గట్టు మీద కూర్చుని చూస్తే రాదు. రోజుకు ఒకటిన్నర పేజీ ఇలా చదివినా ఫరవాలేదు.

ఒంటరిగా చదవకు. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి, బోర్డు ఖాళీగా ఉన్న గది చూసుకుని, ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు "ఎందుకు?" అని అడుగుతుండాలి. క్లాసులో డౌట్ అడగడానికి సిగ్గుపడతావని నాకు తెలుసు. మొదటి వారంలోనే ఒకటి అడిగెయ్, ఎంత చిన్నదైనా సరే. ఆలస్యమయ్యే కొద్దీ నోరు పెగలదు. ఇంగ్లీషు భయం పెట్టుకోకు. తెలుగు మీడియం పిల్లలు రెండు నెలల్లో ఆ పదాలు పట్టేస్తారు. ఆలోచన తెలుగులో సాగితే సాగనీ, రాసేది మాత్రం పూర్తి వాక్యాలుగా రాయి.

ఎక్కడ చదవాలన్నది తర్వాతి సంగతి. ఇక్కడ అనంతపురంలో కె.ఎస్.ఎన్. ప్రభుత్వ మహిళా కళాశాల ఉంది, కర్నూలులో కె.వి.ఆర్. మహిళా కళాశాల ఉంది, కడపలోనూ ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది. మహిళా కాలేజీ అంటే ఒక మెట్టు తక్కువని మీ అన్న అన్నాడట. గణితవేత్త నీనా గుప్తా డిగ్రీ చదివింది కోల్‌కతాలోని బెథూన్ కాలేజీలో, అదీ ఆడపిల్లల కాలేజీయే. తర్వాత ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, జారిస్కీ పేరుతో దశాబ్దాలుగా తేలకుండా ఉన్న సమస్య మీద పనిచేసి, 2019లో మన దేశపు పెద్ద సైన్సు పురస్కారం భట్నాగర్ అవార్డు, 2021లో రామానుజన్ ప్రైజ్ అందుకుంది. ఇంకో గణితవేత్త రామన్ పరిమళ చెన్నైలోని స్టెల్లా మారిస్‌లో చదివింది. 1987లో భట్నాగర్ అందుకుంది, గణితంలో ఆ అవార్డు వచ్చిన మొదటి మహిళ. 2010లో ప్రపంచ గణిత మహాసభ హైదరాబాదులో జరిగినప్పుడు, అందరి ముందు ప్లీనరీ ఉపన్యాసం ఇచ్చినవాళ్లలో ఆమె ఉంది. మన పక్క రాష్ట్రపు ఆడపిల్ల! మీ అన్నకు ఈ పేరా చదివి వినిపించు.

డిగ్రీ తర్వాత దారులు ఉన్నాయి. ఇక్కడే శ్రీకృష్ణదేవరాయ, కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయాలు, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. ఐఐటీల్లో ఎంఎస్సీకి జామ్ అనే పరీక్ష ఉంది, డిగ్రీ ఆఖరి ఏడాదిలోనే రాయవచ్చు, అమ్మాయిలకు ఫీజు కూడా తక్కువ. తిరుపతిలోనే ఐఐటీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని కూడా మనసులో ఉంచుకో. ఎంటీటీఎస్ అని మాథ్స్ పిల్లలకు వేసవి శిక్షణ ఒకటి 1993 నుంచి నడుస్తోంది. అక్కడ నోట్స్ చెప్పి రాయించరు, ప్రశ్నలు అడిగి పిల్లల చేతే నిరూపణ కట్టిస్తారు. సెకండియర్ నుంచే దాని నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండు, తప్పకుండా అప్లై చెయ్. నువ్వు చేసే పనుల్లో అన్నిటికంటే ఎక్కువ నీకు ఉపయోగపడేది అదేనని నా నమ్మకం.

ఇక ఉద్యోగం. మీ నాయన అడిగేది ఇదే, అడగడం న్యాయమే. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే పీహెచ్‌డీ చేసేటప్పుడు మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఇస్తారు. బీఈడీ చేస్తే డీఎస్సీ ఉంది, ఎంఎస్సీతో జూనియర్ లెక్చరర్ పోస్టులు ఉన్నాయి. స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ కలుపుకుంటే బ్యాంకులు, ఇన్సూరెన్స్, డేటా పనులు ఉన్నాయి. కాబట్టి డిగ్రీలో పైథాన్ నేర్చుకో. "ఎంత చదివినా టీచరేగా" అని చుట్టాలు అంటారు. మన పల్లెల్లో హైస్కూలు ఆడపిల్లలకు ఒక మంచి మాథ్స్ టీచరమ్మ దొరికితే ఎంత మేలో నాకు తెలుసు. ఆ మాటకు తలవంచాల్సిన పని లేదు.

పెళ్లి సంగతి కూడా దాటవేయను. డిగ్రీ మూడో ఏడాదిలో సంబంధాలు వస్తాయి, ఎంఎస్సీ ఆగిపోయేది అక్కడే. అప్పుడు వాదించడం కంటే ఇప్పుడే, ఇంకా ఏ ఒత్తిడీ లేనప్పుడే, అయిదేళ్ల చదువు అని మీ నాయనతో మాట తీసుకో. ఎంత ఖర్చు, ఏ స్కాలర్‌షిప్పులు, ఎక్కడ హాస్టల్ అన్నది ఒక కాగితం మీద రాసి చూపించు. ఆయన లెక్క చూసి మాట్లాడే మనిషి, ఏడిస్తే విసుక్కుంటాడు.

కాగితం ముందు నాకు పంపు, చూసి ఇస్తాను. అనంతపురంలో సీటు వస్తే హాస్టల్ అక్కర్లేదు, మేడ మీద గది ఖాళీగానే ఉంది. గుంతకల్లు నుంచి రైలెక్కి ఈ ఆదివారం మీ అమ్మనూ నాయననూ తీసుకుని రా, ఆన్‌లైన్ అప్లికేషన్ ఇక్కడే కూర్చుని పూర్తిచేద్దాం. టెన్త్, ఇంటర్ మార్కుల మెమోలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మర్చిపోకు.

మీ పెద్దమ్మ