ట్రైనింగ్‌కు ఎవరిని పిలుస్తున్నావు, బిడ్డా?

హన్మకొండ

బిడ్డా,

నీ ఉత్తరం చేరింది. విపత్తులు, ప్రజారోగ్యం మీద మీ మండలంలో ట్రైనింగ్ పెట్టే పని నీ మీద పడిందని, పాఠాలు ఏం పెట్టాలో చెప్పమని రాశావు. పాఠాల సంగతి తర్వాత. నువ్వు పంపిన లిస్టు చూశాను. సర్పంచులు, కార్యదర్శులు, హెడ్‌మాస్టర్లు. ఫొటోకు బాగుంటుంది.

హెల్త్ సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు నేనూ అచ్చం ఇలాంటి లిస్టే రాశాను. నీళ్ల క్లోరినేషన్ మీద ఒక పూట చెప్పించాం, సమోసాలు తిన్నాం, సంతకాలు తీసుకున్నాం. వానలు పడగానే ఒక ఊళ్లో వాంతులు, విరేచనాలు. పోయి చూస్తే మోటారు గదిలో బ్లీచింగ్ బస్తా మూతి విప్పి పడి ఉంది. పొడి గడ్డలు కట్టింది, ముక్కు దగ్గర పెట్టుకున్నా ఘాటు లేదు. తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుందని, కలిపాక అరగంటైనా ఆగాలని ట్యాంకు చూసుకునే ఆయనకు ఎవరూ చెప్పలేదు. గుప్పెడు వేయడం, వెంటనే వాల్వ్ తిప్పడం. మేం చెప్పింది సర్పంచ్‌కు కదా! తప్పు నాదే, ఆయనది కాదు.

అందుకే ముందు పని ఏదో చూడు, ఆ పని ఎవరి చేతిలో ఉందో వాళ్లను పిలువు. నీళ్లు వదిలేది పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్ అయితే ఆయనకు హాల్లో పాఠం వద్దు. ట్యాంకు దగ్గరికే పో. చిట్టచివరి నల్లా దగ్గర నీళ్లు పట్టించి, క్లోరిన్ చూసే చుక్కల మందు వేయించి, రంగు ఆయనతోనే చూపించు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ తేలాలి.

ఓఆర్‌ఎస్ గురించి ఆశాలకు మళ్లీ చెప్పి టైం పోగొట్టకు, వాళ్లకు తెలుసు. అత్తలను, నాయనమ్మలను కూర్చోబెట్టు. విరేచనాలు అవుతుంటే నీళ్లు తాపొద్దనేది వాళ్లే. ఇంకో తప్పు కూడా ఉంది: గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్ పోసి, మిగిలింది మడిచి దాస్తారు. లీటరు సీసా తెచ్చి ప్యాకెట్ మొత్తం వాళ్ల చేతనే కలిపించు.

రోడ్డు మీద యాక్సిడెంటైతే 108 కన్నా ముందు అక్కడుండేది ఆటోవాళ్లు, చాయ్ బండివాళ్లు. రక్తం కారే చోట గుడ్డతో అదిమి పట్టడం, ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం చేతులతో చేయించు. చేసి చూపే బొమ్మ ఒక్కటే ఉంటే 15 మందికి మించొద్దు.

ఆర్‌ఎంపీలను పిలవాలా అన్నావు. పిలువు. పైవాళ్లు మొహం ముడుస్తారు, ముడవనీ. పాము కరిస్తే రాత్రిపూట తలుపు తట్టేది వాళ్లదే. వాళ్లకు వైద్యం నేర్పమనడం లేదు. తాడు బిగించొద్దు, కోయొద్దు, కాలు కదలనీయకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. అంతే చెప్పు.

వరద మాట. 2023 జూలైలో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. పక్కన భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు ఊరి మీదికొస్తే మోరంచపల్లి జనం మిద్దెలెక్కి హెలికాప్టర్ల కోసం చూశారు. ఆ గంటల్లో అక్కడున్నది ఊరివాళ్లే. వాగు ఒడ్డు ఊళ్లల్లో ఈత వచ్చిన పిల్లగాళ్లు, ట్రాక్టర్ డ్రైవర్లు, రాత్రి మైకులో చెప్పగల మనిషి నీ లిస్టులో లేరు. గూడేలకు పోతే కోయ మాట్లాడే మనిషిని వెంట తీసుకుపో, నీ స్లైడ్లు అక్కడ పనికిరావు.

నాట్ల రోజుల్లో పెట్టకు, కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? మృగశిర కార్తె లోపలే కానిచ్చెయ్. బీడీలు చేసే వాళ్లుంటే చాటలు తెచ్చుకోమను, చుట్టుకుంటూనే వింటారు.

లిస్టు మళ్లీ రాసి పంపు, పేరు పక్కన ఫోన్ నంబరుతో. మీ పెద్దమ్మ మామిడికాయ తొక్కు పెట్టింది. ఇటు బస్సులో ఎవరైనా వస్తుంటే చెప్పు, సీసా పంపిస్తాను.

మీ పెద్దనాయన